అంటు మచ్చ

"ఆ ఆకు ఏ చెట్టుది నాన్నా?"

దాలియా అలా అడగడం అది నాలుగోసారి. మా తమ్ముడు ఉబాల్దో బల్ల మీద గుద్దాడు. అరటికాయ ఉండలున్న పళ్ళెం ఎగిరి నేల మీద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

"తాత చెట్టుదే. నా చేత్తో కోశా, కవర్లో పెట్టా, నీ చేతికిచ్చా. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"అయితే మొక్కలు అబద్ధమాడుతున్నాయా?"

"మొక్కలెందుకాడతాయి? మీ పరిశోధన కేంద్రంలో మిషన్లు ఆడతాయి."

"ఆరు వందల మొక్కలు నాన్నా. సగానికైనా ఆ గుర్తుండాలి. పోనీ పది మొక్కలకుండాలి. ఒక్కదానికీ లేదు." దాలియా గొంతు బొంగురుపోయింది. రాత్రంతా ఏడ్చి పొద్దున్నే ఏడుపు మానేసిన గొంతు అది. "ఇందాక మా పెద్దాయన ఫోన్లో ఏమన్నాడో తెలుసా? ఆ ఆకుకీ ఈ మొక్కలకీ తల్లీబిడ్డల సంబంధమే లేదట. 'మీ ఇంటి చెట్టుకి పేరు రావాలని ఎక్కడి ఆకో తెచ్చిపెట్టావా అమ్మాయ్?' అన్నాడు. సోమవారం వచ్చి సంజాయిషీ రాసిమ్మన్నాడు."

"అంటే నేను దొంగాకు కోశాననేగా నువ్వనేది?"

దాలియా చూపు తిప్పుకుంది. అదే ఎక్కువైంది వాడికి.

మూల పీట మీద మా అమ్మ ఎలోదియా వేరుశనగలు దంచుతోంది. ఈ గోలలో ఆవిడ రోకలి ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఎనభై ఒకటి దాటాయి. కాఫీ కప్పు ఒక చేత్తో పట్టుకుంటే సగం ఒలికిపోతుంది గానీ రోకలి రెండు చేతుల్తో పడతారు కాబట్టి ఆ వణుకు ఎవరికీ కనిపించదు.

నేను కిటికీ దగ్గర నిలబడి ఇద్దర్నీ తూకం వేస్తున్నాను. అది నా వృత్తి. ముప్పై ఏళ్ళుగా ఈ మనబీ కొండల్లో కోకో గింజలు కొని రేవుకి పంపుతున్నాను. అరచేతిలో గింజ విరిచి తడెంతో, పులుపెంతో చెప్పేస్తాను. కాడ్మియం మాత్రం చేతికి తెలియదు, ముక్కుకి తెలియదు. మట్టిలో ఉన్న ఆ విషలోహాన్ని వేరు పీల్చుకొచ్చి గింజలో దాచిపెడుతుంది. చివరికి యూరపు రేవులో కాగితం మీద అంకె అయి బయటపడుతుంది. వాళ్ళు హద్దు గీసిన నాటి నుంచి మా కొండ గింజ ఆ హద్దు దాటుతూనే ఉంది. మా ఊళ్ళో మూడు వందల నలభై చెట్ల గింజలు పరీక్ష చేస్తే, హద్దుకి బాగా కింద నిలబడింది ఒకే ఒక్క చెట్టు. అది మా నాన్న చెట్టు.

మూడు పంటలు చూశారు. మూడుసార్లూ అదే అంకె. తర్వాత దాలియా వాళ్ళ కేంద్రం వాళ్ళు ఆకు అడిగారు. వేరు విషాన్ని వదిలేసే గుణం చెట్టుకి పుట్టుకతోనే వస్తుందట. ఆ గుణంతోపాటు ఒక గుర్తు ఉంటుందట. ఆకులో ఆ గుర్తు చూస్తే చాలు, కాయ కాసేదాకా ఐదేళ్ళు ఆగక్కర్లేదు. మా చెట్టు ఆకులో గుర్తు దొరికింది. ఆ చెట్టు కాయల్లోంచి ఆరు వందల గింజలు తీసి పంతొమ్మిది ఇళ్ళకి పంచాం. గుర్తున్న మొక్కల్ని వేళ్ళ కోసం ఉంచుకుని, వాటి మీద ఎవరికి నచ్చిన కొమ్మ వాళ్ళు అంటు కట్టుకోవచ్చన్నది ఏర్పాటు. జనం నమ్మారు. నమ్మి, చోటు కోసం ముసలి చెట్లు పీకేశారు. క్లెబెర్ అయితే ఎనభై చెట్లు పీకాడు.

నిన్న బడి పాకలో ఫలితం చదివాక ఆ క్లెబెరే తన మొక్కల సంచులు తెచ్చి మా కాళ్ళ మీద బోర్లించాడు. "ఇదిగో దోన్యా హెర్లిందా, మీ నాన్నగారి వంశం. పట్టుకెళ్ళి పులుసు పెట్టుకోండి" అన్నాడు, దోన్యా అన్న గౌరవం మాత్రం తగ్గించకుండా. దాలియాని దొంగన్నాడు. ఊరంతా నవ్వింది. ఉబాల్దో నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మేం మట్టిలో నిలబడి ఉన్నాం.

ఇప్పుడు ఉబాల్దో లేచి గోడకున్న మోటారు రంపం దించాడు.

"ఎక్కడికిరా?" అన్నాను.

"చెట్టు దగ్గరికి. దాని వల్లేగా ఇదంతా! చెట్టే లేకపోతే ఏ ఆకు, ఎవరి ఆకు అని అడిగే దిక్కుండదు."

"నాన్న చెట్టురా అది."

"నాన్న పేరు నిన్న మట్టిలో కలిసిపోయిందిగా. ఇక చెట్టెందుకు?"

కూతురి వైపు చూశాడు. ఆపుతుందనే చూశాడని నాకిప్పటికీ నమ్మకం.

"నరుక్కోనీ అత్తా," అంది దాలియా నాతో, వాడితో కాకుండా. "గుర్తు లేని చెట్టు ఉంటే ఎంత, పోతే ఎంత."

వాడు మెట్లు దిగి వాగు వైపు పోయాడు. నేను ఆపలేదు. రంపంలో పెట్రోలు లేదు, వట్టి చేతుల్తో తిరిగొస్తాడు, అప్పటికి కోపం చల్లారుతుంది అని లెక్క వేసుకున్నాను. మొన్న డబ్బా నింపించింది నేనేనన్న సంగతి ఆ లెక్కలో మర్చిపోయాను.

దాలియా కింద కూర్చుని పగిలిన ఉండలు ఏరడం మొదలుపెట్టింది.

"నాకర్థం కానిది ఒక్కటే అత్తా. గింజ శుభ్రంగా ఉంది. మూడేళ్ళు నేనే కొలిచా. ఆకులో గుర్తుంది. గింజా ఆకూ ఒకే మాట చెప్తున్నాయి. పిల్లమొక్కలు మాత్రం మేం ఆ ఇంటివాళ్ళమే కాదంటున్నాయి. ఎట్లా?"

"మీ నాన్న చెప్పేది నిజమేనేమో."

"నిజమైతే నేను దొంగని. అబద్ధమైతే ఆయన దొంగ. మీరు వ్యాపారం చేసేవాళ్ళు కదా, చెప్పండి. ఇందులో ఏది చవక?"

మా ఇంట్లో పిల్ల నాతో అలా మాట్లాడటం అదే మొదలు.

అప్పుడు రోకలి ఆగింది. అంతసేపు ఆగని చప్పుడు ఆగేసరికి ఇద్దరం అటు తిరిగాం.

"వాడు ఆకు ఎక్కడ కోశాడు?" అంది అమ్మ.

"తాత చెట్టుకేనంట నాయనమ్మా. ఇంతసేపూ అదేగా గొడవ."

"ఏ చెట్టుకి అని కాదు. పైన కోశాడా, కింద కోశాడా?"

దాలియాకి ప్రశ్న అర్థం కాలేదు. నాకు మాత్రం కళ్ళ ముందు ఆ నెల కదిలింది. ఉబాల్దో మోకాలు వాచి, నిచ్చెన ముట్టకుండా ఇరవై రోజులు కుంటుకుంటూ తిరిగాడు. కాయలు కూడా కూలివాళ్ళతో కోయించాడు.

"కిందే అయ్యుంటుంది," అన్నాను. "వాడు చెట్టెక్కే స్థితిలో లేడు. చెట్టు మొదట్లో పిలకలుంటాయిగా. లేత ఆకు కావాలన్నారు కూడానూ."

అమ్మ వేరుశనగ పొడి అంటిన చేతులు గౌనుకి తుడుచుకుంది. తొందర లేకుండా, ఒక్కో వేలూ.

"అయితే అది మా నాన్న చెట్టు ఆకు," అంది.

"మీ నాన్నదేంటమ్మా? చెట్టు మా నాన్నది."

"ఆ చెట్టు అంటు. కట్టింది నేను."

"నాన్న గింజ నాటి పెంచానన్నాడుగా! ఊరందరికీ అదే చెప్పాడు," అన్నాను.

"మీ నాన్న గొయ్యి తవ్వాడు. గింజ నాది. కాపురానికొచ్చేటప్పుడు ఏటి అవతల మా నాన్న తోటలోంచి నాలుగు గింజలు జేబులో వేసుకొచ్చా. ఒకటి బతికింది. కాయ చిన్నది, గింజ చేదు. నరికేస్తానన్నాడు మీ నాన్న. నరకనివ్వలేదు. మొదలు అలాగే ఉంచి, పైన ఆయన మెచ్చిన జాతి మొగ్గకన్ను పెట్టి కట్టా. చాకు నాది, అరటినార నాది, చేతులు నావి. తర్వాత పట్నం నుంచి కొనేవాళ్ళొచ్చి, అంటు కట్టని అసలు జాతి చెట్టయితే గింజకి ఎక్కువిస్తామన్నారు. మీ నాన్న నా ఎదురుగానే, 'గింజ నుంచి పెంచానయ్యా' అన్నాడు. ఆ సాయంత్రం అంటు మచ్చ కనపడకుండా చెట్టు మొదట్లో మట్టి ఎగదోయించాడు. ఎవరి చేత? నా చేతే."

"నలభై ఏళ్ళుగా ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరడిగారు? నువ్వడిగావా? 'మా నాన్న చెట్టు, కత్తి తగలని చెట్టు' అని ఇరవై ఏళ్ళు ఆ మాట పెట్టే గింజ అమ్మావు. అడిగితే నీ బేరం పోయేది. అందుకే అడగలేదు."

"నాకు తెలియదమ్మా!"

"తెలుసుకోకపోవడం నీకు కలిసొచ్చింది హెర్లిందా."

ముప్పై ఏళ్ళలో నా ముఖం మీద అంత సరైన తూకం ఎవరూ వెయ్యలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలిస్తే అరిచేదాన్ని. చచ్చిపోయిన నాన్న మీద అరవలేను. ఎనభై ఏళ్ళ అమ్మ మీద అరవడానికి నోరు రాలేదు.

దాలియా అప్పటికే లేచి నిలబడింది. ఏరిన ఉండలు మళ్ళీ నేల పాలయ్యాయి.

"పిలక అంటుకి కింద నుంచి వస్తుంది," అంది, మాతో కాదు, తనతో తను. "అంటే నాన్న కోసింది వేరుకి చెందిన ఆకు. గుర్తు వేరుకుంది. విషాన్ని ఆపేది ఆ వేరు కాబట్టి పైన కాసిన గింజ శుభ్రంగా ఉంది. కానీ కాయ కాసేది పైకొమ్మ. ఆ కొమ్మ వేరే చెట్టుది. దాని గింజలు నాటితే గుర్తెక్కణ్ణుంచి వస్తుంది? తల ఒకరిది, కాళ్ళు ఒకరివి. మనం కాళ్ళు చూసి మురిసిపోయి తల పిల్లల్ని పంచిపెట్టాం!" అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నాయనమ్మా, ఏటి అవతల మీ నాన్న తోటలో అలాంటి చెట్లు ఇంకా ఉన్నాయా?"

"తోటే లేదు. ఏరు పొంగిన ఏడాది ఇల్లూ తోటా సమాధులూ అన్నీ కలిపి తీసుకుపోయింది."

"అయితే ఈ కొండల్లో ఆ వేరు మిగిలింది..."

"ఇదొక్కటే."

సరిగ్గా అప్పుడే వాగు అవతల రంపం మోగింది.

పరుగెత్తాం. నా వయసు యాభై ఎనిమిది. నేను చివరిసారి ఎప్పుడు పరుగెత్తానో నాకు గుర్తులేదు. వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, చెప్పులు అక్కడే పోయాయి. దాలియా ముందు పరుగెడుతూ "నాన్నా! నాన్నా ఆగు!" అని అరుస్తూనే ఉంది. రంపం పట్టినవాడికి అరుపులు వినపడతాయా? రంపం ఆగింది. ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత కొమ్మలు విరుగుతున్న చప్పుడు, నేల అదిరిన చప్పుడు.

మేం వెళ్ళేసరికి చెట్టు బాటకి అడ్డంగా పడి ఉంది. పండిన కాయలు దూరంగా దొర్లిపోయాయి. ఉబాల్దో మోడు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముఖం చెమటో కన్నీళ్ళో తెలియలేదు.

దాలియా మోడు చూసి నవ్వింది. నిజంగానే నవ్వింది.

"పర్వాలేదు అత్తా, పర్వాలేదు! మోడుంటే చాలు. కొట్టిన కోకో మోడు నెల తిరక్కుండా పిలకలేస్తుంది. మనక్కావాల్సింది పిలకలే. ఇంకా మంచిదైంది."

"వెయ్యదు," అన్నాడు ఉబాల్దో.

"వేస్తుంది నాన్నా, నేను..."

"వెయ్యదే." వాడి కాళ్ళ దగ్గర తోటపాకలో ఉండే నల్ల డబ్బా ఉంది, మూత తీసి. పచ్చిక చంపే మందు. నీళ్ళు కలపని మందు. మోడు మీద కత్తితో కొట్టిన గాట్లలో అది నురగలు కట్టి ఇంకిపోతోంది. "మళ్ళీ పిలకెయ్యకూడదనే పోశా. సగం డబ్బా పోశా."

దాలియా మోడు మీద పడి గోళ్ళతో గీకింది. ఉబాల్దో ఆమె రెండు మణికట్లూ పట్టుకుని వెనక్కి లాగాడు. "ముట్టుకోకు, చేతులు కాలిపోతాయి! చెప్తుంటే వినవేంటి!" వాగులోంచి టోపీతో నీళ్ళు తెచ్చి కూతురి చేతులు కడిగాడు. ఆమె విదిలించుకుంటూనే ఉంది, వాడు కడుగుతూనే ఉన్నాడు. గంట క్రితం వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు దొంగ అనుకున్నారు.

చేతులు కడిగించుకుంటూనే ఆమె చెప్పింది. అంటు, మచ్చ, ఏటి అవతల తోట. మూడు వాక్యాల్లో చెప్పింది. వాడు నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను.

"ఆకు పిలకదేనా?" అంది.

"పిలకదే. మోకాలు నొప్పి. లేత ఆకన్నావు. అదీ ఈ చెట్టుదేగా!"

"కోశాక ఆ పిలకనేం చేశావ్?"

"ఏం చేస్తారు? కొట్టేశా. పిలక కదా."

అందులో తప్పేముంది? ఈ కొండల్లో పుట్టినవాడి కంటికి పిలక కనిపిస్తే చేతిలో కత్తి దానంతటదే లేస్తుంది. పిలక ఉంచినవాణ్ణి సోమరిపోతంటారు. ఏడాదికి రెండుసార్ల లెక్కన నలభై ఏళ్ళుగా మా ఇంటి మగవాళ్ళు ఆ చెట్టు మొదట్లో అసలు సరుకు నరికి పారేస్తూ వచ్చారు, శుభ్రమైన రైతులని పేరు తెచ్చుకుంటూ.

"ఇవాళ?" అంది దాలియా. "ఇవాళ ఉన్నాయా?"

"రెండున్నాయి. రంపానికి అడ్డమని ముందు వాటినే కొట్టా."

ముగ్గురం ఆకుల్లో వెతికాం. ఒకటి దొరికింది. చూపుడువేలంత కూడా లేదు, మరీ లేత, అప్పటికే ఎండకి మెత్తబడి వేలాడిపోయింది. దాలియా దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి పారేసింది.

"రెండోది?"

"అది బాగా లావుండాలి. బొటనవేలంత. నా రొమ్ము దాకా పెరిగింది." ఉబాల్దో చుట్టూ చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. "క్లెబెర్ వచ్చాడు."

"ఎప్పుడు?"

"నేను రంపానికి తాడు లాగే ముందు. నవ్వడానికొచ్చాడు. 'మంచి పనే గానీ ఓ ఏడాది లేటయింది ఉబాల్దో' అన్నాడు. వాడి కంచరగాడిద ఇక్కడ మొరాయించింది. కింద పడున్న కర్ర తీసి, ఆకులు దూసి, దాని పిర్రల మీద రెండేసి తోలుకుపోయాడు."

మా కొండల్లో విషం పీల్చని ఏకైక వేరు, దాని ఆఖరి కొమ్మ, నిన్న మమ్మల్ని ఊరందరి ముందు మట్టి చేసినవాడి చేతిలో గాడిదని కొట్టే కర్రయింది.

ఉబాల్దో కత్తి తీశాడు. "లాక్కొస్తా."

"లాక్కొస్తావ్, వాడు విరిచేస్తాడు. కూర్చో," అన్నాను.

"నేనడుగుతా," అంది దాలియా.

"నిన్ను చూస్తే కుక్కని వదుల్తాడు. ఎనభై చెట్లు నీ మాట మీద పీకాడు. ఇది బేరం, బేరం నా పని. ఆ కర్రకి టైమెంతుంది?"

"నీడలో తడిగుడ్డ చుట్టి ఉంచితే రేపు మధ్యాహ్నం దాకా. ఎండలో పడుంటే ఇవాళ పొద్దు గూకేదాకా కూడా ఉండదు."

వట్టికాళ్ళతో కొండెక్కాను.

క్లెబెర్ ఇంటి ముందు వాడి భార్య చాప మీద గింజలు ఆరబోస్తోంది. కంచరగాడిద నీడలో ఉంది. క్లెబెర్ గుమ్మంలో బెంచీ మీద కూర్చుని, ఆ కర్రతోనే బూటుకంటిన మట్టి గీక్కుంటున్నాడు. నేను ముందు చూసింది వాడి ముఖాన్ని కాదు, కర్రని. ఆకు దూసిన చోట్ల కళ్ళు, అంటే చిగురించే మొగ్గలు, లెక్కపెట్టాను. ఆరు. ఒకటి నలిగిపోయింది. ఐదు మిగిలాయి. ఐదు కళ్ళంటే ఐదు మొక్కలు. అంటు మూడేళ్ళకే కాసి ఆ వేరు గుణాన్ని గింజల్లో ఇస్తుంది కాబట్టి, ఐదు మొక్కలంటే మూడేళ్ళలో కొండంతా.

"ఏంటి దోన్యా, వట్టికాళ్ళతో తీర్థయాత్రా?" అన్నాడు.

"నిన్నటి సంగతి మాట్లాడదామని వచ్చా క్లెబెర్."

"మాట్లాడేదేముంది? నా చెట్లు లేచొస్తాయా?"

"కోపంలో ఉన్నావ్. సరే. దాహంగా ఉంది, కాసిని నీళ్ళియ్యి." బెంచీ చివర కూర్చున్నాను. కాసేపు గింజలు చూశాను, ఎండ చూశాను. "ఆ కర్ర ఇలా ఇయ్యి, కాళ్ళకంటిన బురద గీక్కుంటా."

వాడు గీకడం ఆపాడు. కర్ర చూశాడు. నన్ను చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా నీకు గింజలు అమ్ముతున్నా దోన్యా. నువ్వు దాహమంటే దాహం కాదు. నువ్వు ఎండ వైపు చూస్తే ఎదుటోడి చేతిలో ఏదో ఉన్నట్టు." కర్ర రెండు చివరలూ రెండు చేతుల్తో పట్టుకుని మోకాలి మీద ఆనించాడు. "ఇదేంటో చెప్పు."

"కర్ర."

కర్ర కాస్త వంగింది.

"వద్దు!" అన్నాను. అరిచాననుకుంటా, గింజలు ఆరబోస్తున్న ఆవిడ తల తిప్పింది.

"ఓహో. గట్టి సరుకే," అన్నాడు. "చెప్పు. ఒక్క అబద్ధమాడినా విరుస్తా. నీ అబద్ధం వాసన నాకు తెలుసు."

నా దగ్గర మూడు కథలు తయారుగా ఉన్నాయి. వాగు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు వరుసగా పేర్చుకున్నవి. మూడూ బాగున్నాయి. కానీ ఆ కర్ర వంపు చూస్తుంటే ఒక్కటీ నోట్లోకి రాలేదు.

చెప్పేశాను. మా నాన్న చెట్టు గింజ నుంచి పుట్టింది కాదని, అంటు కట్టిన చెట్టని, కట్టింది మా అమ్మేనని, మా నాన్న తవ్వింది గొయ్యి ఒక్కటేనని చెప్పాను. మచ్చ మట్టితో కప్పారని, ఆ అబద్ధం మీద ఇరవై ఏళ్ళు నేను సరుకు అమ్మానని చెప్పాను. దాలియా మోసం చెయ్యలేదని, ఉబాల్దో ఆకు మార్చలేదని, అది పిలకకి కోసిన ఆకని, మోడు చచ్చిపోతోందని చెప్పాను. వాడి చేతిలో ఉన్నది ఆఖరిదని కూడా చెప్పాను. అది చెప్పకూడదని నాలో వ్యాపారి చివరిదాకా గింజుకుంటూనే ఉంది.

వాడు అడ్డురాకుండా విన్నాడు. వాడి భార్య గింజలు వదిలేసి లేచి నిలబడింది.

"అంటే మీ నాన్నగారి చెట్టని మా చేత దండాలు పెట్టించుకున్నారే, అందులో మీ నాన్నది ఏముంది?" అన్నాడు. "గొయ్యి. గొయ్యి ఒక్కటే ఆయనది."

"అవును."

"నిన్న ఊరి ముందు నేను ఆ పిల్లని దొంగన్నా. నువ్వు పక్కనే ఉన్నావ్."

"నాకప్పుడు తెలియదు."

"నీ పిల్లని దొంగంటే, కాదు అనడానికి ఏం తెలియాలి దోన్యా?" వాడి గొంతు పైకి లేచింది. "నేను అరిచా, నా చెట్లు పోయాయి కాబట్టి అరిచా. నువ్వు నోరు మూసుకున్నావే, ఎందుకు? ఎవరి వైపు నిలబడితే నీ వ్యాపారానికి నష్టం తక్కువో చూసుకుంటున్నావ్. అవునా కాదా?"

అమ్మ వేసిన తూకమే. ఉదయం నుంచి ఇది రెండోసారి.

"కర్ర ఇయ్యి క్లెబెర్. మొక్కలొచ్చాక మొదటివి నీకే."

"నువ్విచ్చేదేంటి? బాట మీద పడున్న కర్ర తీసుకున్నా. నాది." లేచాడు. "రేపట్నుంచి ఇది క్లెబెర్ చెట్టు. నేనూ నలుగురికీ చెప్పుకుంటా, గింజ నుంచి పెంచానని. ఎలా ఉంది?"

లోపలికి పోయి తలుపు వేశాడు. గడియ పడింది. "చాకెక్కడే?" అని భార్య మీద లోపల్నుంచే అరిచాడు. ఆవిడ నన్ను దాటుకుని పెరటి గుమ్మం గుండా లోపలికి పోయింది. గుసగుసలు. ఏదో కింద పెట్టిన చప్పుడు. తర్వాత బకెట్‌లో నీళ్ళు పోస్తున్న చప్పుడు, మెల్లగా, ధారగా.

గుడ్డ చింపుతున్న చప్పుడు కూడా వినిపించింది. తడిగుడ్డ చుట్టాలని వాడికీ తెలుసు. ఈ కొండలవాడేగా.

"క్లెబెర్!" తలుపు తట్టాను. "మా ఉబాల్దో కడతాడు అంటు. వాణ్ణి పంపిస్తా. పోనీ కేంద్రం నుంచి మనిషిని పిలిపిస్తా."

"కేంద్రం వద్దు. ఉబాల్దో వద్దు. నువ్వసలే వద్దు." తలుపుకి దగ్గరగా వచ్చి నిలబడ్డాడు, ఊపిరి వినిపిస్తోంది. "కట్టినావిడ్ని రమ్మను. మీ అమ్మని. తన చాకు తను తెచ్చుకోమను. నా పెరట్లో, నా మొక్క మీద, ఊరంతా చూస్తుండగా కట్టమను. అప్పుడు ఎవరి పేరు పెట్టాలో అక్కడే చెప్తా. రేపు మధ్యాహ్నం లోపు. ఆవిడ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే పొయ్యిలో పెడతా."

గడియ వైపు చూస్తూ నిలబడ్డాను.

కన్ను అంటు కట్టాలంటే వెంట్రుకంత మందాన బెరడు లేపాలి. ఒక్క గీత పక్కకి పోతే కన్ను చచ్చిపోతుంది. ఉన్నవి ఐదు. మా అమ్మ కాఫీ కప్పు ఒక చేత్తో ఒలక్కుండా పట్టుకుని మూడేళ్ళయింది.